కొన్నది ఒకసారి.. కట్టేది నెలనెలా

మూసారాంబాగ్ దాటి దిల్‌సుఖ్‌నగర్‌లో అడుగు పెడితే ఎల్బీనగర్ దాకా రోడ్డుకు రెండు పక్కలా దుకాణాలే. చీరలు, చెప్పులు, స్టీలు సామాన్ల మధ్యన ఎక్కడ చూసినా మొబైల్ షాపులు, టీవీ షోరూములు, రిపేరు కౌంటర్లు. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట - ఎల్బీనగర్ మెట్రో మొదలయ్యాక నగరం ఆ చివర ఉన్నవారు కూడా ఇక్కడికి బేరానికి వస్తున్నారు. చైతన్యపురి హాస్టళ్లలో ఉండి కోచింగ్ తీసుకునే కుర్రవాడి నుంచి, మలక్‌పేట నుంచి మనవడికి హెడ్‌ఫోన్ కొనడానికి వచ్చిన తాత వరకు అందరూ ఈ రోడ్డుకు ఖాతాదారులే.

వస్తువు కొని, డబ్బు ఇచ్చి, రసీదు జేబులో పెట్టుకుంటే బేరం ముగిసిందని అనుకుంటాం. ఒకప్పుడు అది నిజం. ఇప్పుడు అసలు బేరం అప్పుడే మొదలవుతోంది. ఫోనుకు రీచార్జి, టీవీకి ప్యాకేజీ, పాటలకు చందా, సినిమాలకు చందా, పిల్లవాడి పాఠాలకు చందా, ఫొటోలు దాచుకోవడానికి కూడా చందా. వీటిలో చాలావరకు మనం చేత్తో ఇచ్చేవి కావు. మన ఖాతాలోంచి వాటంతట అవే కోతపడేవి.

కోతపడేది చిన్న మొత్తమే కదా అని చాలామంది పట్టించుకోరు. అసలు నష్టం ఆ నిర్లక్ష్యంలోనే ఉంది.

నాటి బేరం

పాతికేళ్లు దాటిన ఇళ్లలో పెద్దవారిని అడిగి చూడండి. 1967లో హైదరాబాద్‌లో ఏర్పాటైన ఈసీఐఎల్ తయారు చేసిన ఈసీ టీవీ, ఆల్విన్ ఫ్రిజ్, గల్ఫ్ నుంచి బావమరిది తెచ్చిన టూ-ఇన్-వన్ టేప్ రికార్డర్ గురించి చెబుతారు. ఆ టేప్ రికార్డర్ పాటలకే కాదు, ఉత్తరాలకు కూడా పనికొచ్చేది. రాయడం రాని తల్లి మాటలను క్యాసెట్‌లో రికార్డు చేసి, గల్ఫ్‌కు వెళ్లే వారి చేతికిచ్చి పంపుకున్న కుటుంబాలు ఉన్నాయి. వస్తువు చెడిపోతే కోఠీలోని గుజరాతీ గల్లీకి పోయి విడిభాగం తెచ్చి, బస్తీలోని మెకానిక్ చేత వేయించుకునేవారు. వస్తువు మనది. దాని మీద హక్కు మనది. నెల తిరిగేసరికి దాని పేరు చెప్పి ఎవరూ గుమ్మం ముందు నిలబడేవారు కాదు.

చందా అనేది అప్పుడూ లేకపోలేదు. దినపత్రికకు చందా ఉండేది. తర్వాత కేబుల్ వచ్చింది. అయితే నెల మొదటి వారంలో కేబుల్ అబ్బాయి ఇంటికి వచ్చి, కార్డు మీద సంతకం పెట్టి డబ్బు తీసుకునేవాడు. ఆ నెల పది రోజులు బొమ్మ సరిగ్గా రాకపోతే అతనితోనే గొడవ. ఇంట్లో డబ్బు లేకపోతే ‘వచ్చే వారం రా బాబూ’ అని చెప్పే వెసులుబాటు. వద్దనుకుంటే ఒక్క మాటతో సరి. ఆ బేరానికి ఒక ముఖం ఉండేది. నేటి చందాకు అది లేదు.

డబ్బా వచ్చాక

హైదరాబాద్‌లో కేబుల్ ప్రసారాల డిజిటలీకరణకు 2013 మార్చి 31 గడువు. దేశంలోని 38 నగరాల్లో ఒకటిగా మన నగరంలోనూ ప్రతి టీవీకి సెట్‌టాప్ బాక్సు తప్పనిసరి అయింది. తర్వాత 2019లో ట్రాయ్ కొత్త పద్ధతి తెచ్చింది. ప్రేక్షకుడు తాను చూసే చానళ్లకే డబ్బు చెల్లించాలన్నది దాని ఉద్దేశం. అప్పట్లో వంద చానళ్లకు నెట్‌వర్క్ రుసుము గరిష్ఠంగా 130 రూపాయలు. 18 శాతం జీఎస్టీతో కలిపితే 153 రూపాయల 40 పైసలు. పే చానళ్ల ధర దీనికి అదనం. 2020 మార్చి నుంచి అదే రుసుముకు 200 చానళ్లు ఇవ్వాలన్నారు. 2024 జులైలో ఆ 130 రూపాయల పరిమితిని కూడా ట్రాయ్ తొలగించింది.

ఏ చానల్ కావాలో ఎంచుకునే హక్కు కాగితం మీద ప్రేక్షకుడిదే. ఆచరణలో ఆపరేటర్ ఇచ్చిన ప్యాకేజీనే చాలా ఇళ్లలో కళ్లు మూసుకుని తీసుకుంటున్నాం. ఎన్నడూ చూడని భాషల చానళ్లకు, ఎన్నడూ ఆడని ఆటల చానళ్లకు డబ్బు చెల్లిస్తున్నాం. చానళ్ల జాబితా అడిగి తీసుకుని, ఇంటిల్లిపాదీ కూర్చుని గీతలు గీసుకుంటే సగం ప్యాకేజీ అక్కర్లేదని తేలవచ్చు. అడగడానికి మొహమాటం ఎందుకు?

ఇరవై ఎనిమిది రోజుల నెల

ఫోను రీచార్జి లెక్క మరీ విచిత్రం. నెలకు 30 రోజులని చిన్న పిల్లవాడు కూడా చెబుతాడు. చాలా ప్లాన్లలో మాత్రం నెలంటే 28 రోజులు. 28ని 13తో హెచ్చవేస్తే 364. అంటే ఏడాదికి 12 కాదు, 13 రీచార్జీలు. ఇంట్లో నలుగురికి నాలుగు ఫోన్లు ఉంటే ఏడాదిలో నాలుగు రీచార్జీలు అదనం.

దీనిపై ఫిర్యాదులు వచ్చాక 2022 జనవరిలో ట్రాయ్ ఒక ఉత్తర్వు ఇచ్చింది. ప్రతి కంపెనీ 30 రోజుల ప్లాన్ కనీసం ఒకటి, ప్రతి నెలా ఒకే తేదీన రీచార్జి చేసుకునే ప్లాన్ కనీసం ఒకటి అందుబాటులో ఉంచాలని చెప్పింది. 2024 జులైలో ప్రైవేటు కంపెనీలు చార్జీలు పెంచాయి. అదే ఏడాది డిసెంబర్‌లో ట్రాయ్ మరో నిబంధన తెచ్చింది. ఇంటర్నెట్ అక్కర్లేని వారి కోసం కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్లాన్లు కూడా ఇవ్వాలన్నది దాని సారాంశం. బటన్ల ఫోను వాడే నానమ్మకు రోజుకు ఇంత డేటా అని ఎందుకు రీచార్జి చేయించాలి? ఈ ప్లాన్ల పేర్లను షాపు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయరు. మనమే అడిగి తెలుసుకోవాలి.

ఒక్క రూపాయి వల

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ మందిని ఇబ్బంది పెడుతున్న విషయానికి వద్దాం. ‘మొదటి వారం ఉచితం’, ‘ఒక్క రూపాయికే మూడు రోజులు’ అనే ప్రకటనలు ఫోనులో కనిపిస్తాయి. రూపాయే కదా అని నొక్కుతాం. పిన్ కొడతాం. ఆ పిన్ కేవలం ఆ రూపాయికి ఇచ్చిన అనుమతి కాదు. ఇకపై ప్రతి నెలా, లేదా ప్రతి మూడు నెలలకు, ఇంత మొత్తం వరకు నా ఖాతాలోంచి తీసుకోవచ్చని ఇచ్చిన అధికారం. 2020లో మొదలైన యూపీఐ ఆటోపే పద్ధతి ఇదే. కరెంటు బిల్లు, బీమా కంతు లాంటి వాటికి ఇది మంచి సౌకర్యమే. అర్థం కాకుండా ఒప్పుకుంటే అదే ఉచ్చు.

మొబైల్ షాపుల కౌంటర్ల దగ్గర ఇలాంటి మాటలు తరచుగా వినిపిస్తుంటాయి:

‘‘బేటా, ఆ సినిమాల యాప్ నేను ఎప్పుడో తీసేసిన. అయినా ఈ నెల కూడా పైసలు కట్ అయినయ్.’’

‘‘ఖాలా, యాప్ తీసేస్తే చందా పోదు. ఆటోపే బంద్ చెయ్యాలె.’’

‘‘ఒక్క రూపాయే అన్నరు గదా! నాకు ఇంగ్లీషు ఏడ వస్తది?’’

‘‘ఫోను ఇట్ల ఇయ్యుండ్రి, నేను చూపిస్త. పిన్ అడిగితే మాత్రం మీరే కొట్టుండ్రి, నాకు చెప్పకుండ్రి.’’

ఆ కుర్రవాడు చెప్పిన ప్రతి మాటా గుర్తుంచుకోదగ్గదే. యాప్‌ను ఫోనులోంచి తీసేస్తే చందా రద్దు కాదు. ఫోను అమ్మేసినా రద్దు కాదు. ఎందుకంటే చందా ముడిపడి ఉన్నది ఫోనుతో కాదు, మన ఖాతాతో. దాన్ని రద్దు చేసే చోట్లు సాధారణంగా మూడు. ప్లే స్టోర్ ద్వారా తీసుకున్నదైతే ప్లే స్టోర్‌లోని చెల్లింపులు, చందాల విభాగంలో. యూపీఐ ద్వారా తీసుకున్నదైతే మనం వాడే చెల్లింపు యాప్‌లోని ఆటోపే విభాగంలో. కార్డు మీద తీసుకున్నదైతే ఆ కార్డు ఇచ్చిన బ్యాంకు దగ్గర.

రిజర్వు బ్యాంకు దీనికి కొన్ని కట్టుబాట్లు పెట్టింది. 2021 అక్టోబర్ 1 నుంచి ఇవి కచ్చితంగా అమలయ్యాయి. మొదటిసారి అనుమతి ఇచ్చేటప్పుడు ఓటీపీ లాంటి అదనపు ధ్రువీకరణ ఉండాలి. డబ్బు కోయడానికి కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు సమాచారం పంపాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు అనుమతి రద్దు చేసుకునే వీలు ఉండాలి. ఓటీపీ లేకుండా కోయగల మొత్తం పరిమితి అప్పటికి 5 వేలు ఉండగా, దాన్ని 2022 జూన్‌లో 15 వేలకు పెంచారు.

కాబట్టి ‘రేపు మీ ఖాతాలోంచి ఇంత తీసుకుంటాం’ అనే ఎస్సెమ్మెస్ వస్తే దాన్ని ప్రకటన అనుకుని చెరిపేయకండి. ఆ 24 గంటలే మన చేతిలో ఉన్న గడువు. అలాగే అనుమతి తెర మీద మూడు సంగతులు చూడండి: గరిష్ఠంగా ఎంత, ఎన్నాళ్లకు ఒకసారి, ఏ తేదీ వరకు. రూపాయి పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఈ మూడూ చిన్న అక్షరాల్లో ఉంటాయి.

ఒక ఇంటిని ఊహించుకుందాం. భర్త ఆటో నడుపుతాడు, భార్య బట్టలు కుడుతుంది, ఇద్దరు పిల్లలు. పాటల యాప్‌కు 99, సినిమాలకు 149, ఆటకు 59, ఫొటోల నిల్వకు 130, పాఠాలకు 299 నెలనెలా పోతున్నాయనుకోండి. మొత్తం 736 రూపాయలు. ఏడాదికి 8,832. ఒక సాధారణ కుట్టుమిషన్ వచ్చే సొమ్ము! ఎవరికి వారు ‘నాది వందే కదా’ అనుకుంటారు. కలిపి చూసేవారు ఇంట్లో ఎవరూ లేకపోవడమే సమస్య.

చిన్న వ్యాపారుల సంగతీ ఇంతే. బండి మీద పండ్లు అమ్మేవారి దగ్గర కూడా ఇప్పుడు ‘ఇన్ని రూపాయలు అందాయి’ అని పలికే పెట్టె ఉంటోంది. చాలా పెట్టెలు అద్దెవే. వానలకు బేరం లేని నెలలో కూడా అద్దె ఆగదు. తీసుకునేటప్పుడే అద్దె ఎంత, వద్దంటే ఎలా తిరిగివ్వాలి అని అడిగి పెట్టుకోవాలి.

‘ఖర్చు లేని’ కంతులో ఏముంది?

షోరూముల్లో మరో మాట గట్టిగా వినిపిస్తుంది: నో కాస్ట్ ఈఎంఐ. వడ్డీ లేదని చెబుతారు. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే మన పాఠకులకు ఇది ముఖ్యమైన విషయం కాబట్టి లెక్క వేసి చూద్దాం.

12,000 రూపాయల ఫోను కొన్నారు. కంతుల కాలానికి బ్యాంకు వడ్డీ 900 అనుకుందాం. షాపు ఆ 900ను ముందే ధరలో తగ్గించి చూపుతుంది. బ్యాంకు మీకు 11,100 అప్పు ఇచ్చి, దాని మీద 900 వడ్డీ వేసి, మొత్తం 12,000 వసూలు చేస్తుంది. మీకు ధర మారలేదు కాబట్టి ‘ఖర్చు లేదు’ అంటారు. కానీ బ్యాంకు ఇచ్చే లెక్కలో వడ్డీ అనే గడి ఉంటుంది. క్రెడిట్ కార్డు కంతులైతే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే 162 రూపాయలు అదనం. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అది వేరే. ఒక కంతు తప్పితే జరిమానా. రొక్కం ఇస్తే తగ్గించే షాపులో ఆ తగ్గింపు కూడా పోయినట్లే.

సున్నా శాతం వడ్డీ అనేది అసలు ఉండదని, దాన్ని ప్రాసెసింగ్ ఫీజు రూపంలో దాచి వసూలు చేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబర్‌లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. దుకాణదారుడే ధర తేల్చి, వడ్డీ లేకుండా కంతుల్లో తీసుకునే వ్యాపారం వేరు. మధ్యలో బ్యాంకు అప్పు ఇచ్చే ఏర్పాటు వేరు. ధర్మసమ్మతం అవునా కాదా అన్నది ఉలమాలను అడిగి తెలుసుకోవాలి. అయితే వారిని అడిగేటప్పుడు షాపువాడి మాట కాదు, బ్యాంకు లెక్క కాగితం చూపించి అడగాలి.

చదువుల చందా

దిల్‌సుఖ్‌నగర్ అంటే కోచింగ్. ఆ కోచింగ్ ఇప్పుడు ట్యాబులోకి, యాప్‌లోకి కూడా వచ్చింది. ‘ట్యాబు ఉచితం, కోర్సుకు కంతులు’ అని చెప్పి తల్లిదండ్రుల చేత సంతకం పెట్టిస్తారు. ఆ సంతకం కోర్సుకు కాదు, ఒక ఫైనాన్స్ సంస్థ అప్పు పత్రానికని తర్వాత తెలుస్తుంది. కోర్సు మానేసినా అప్పు మానదు. ఈ పద్ధతులపై కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబర్‌లో తల్లిదండ్రులను హెచ్చరించింది. చందాకు ఆటోమేటిక్ డెబిట్ పెట్టుకోవద్దని, తెలియకుండానే అప్పు మంజూరవుతోందేమో చూసుకోవాలని చెప్పింది. బిడ్డ చదువు మీద ఆశతో పెట్టే సంతకాన్ని ఆశతోనే కాక, చదివి పెట్టాలి.

ఉచితానికీ ఒక వెల

డబ్బు తీసుకోని యాప్‌లు మరో రకం వెల వసూలు చేస్తాయి. నమాజు వేళలు, ఖిబ్లా దిశ చూపే ముస్లిం ప్రో యాప్ ప్రపంచమంతటా వాడుకలో ఉన్నదే. దానిని 9.8 కోట్ల సార్లకు పైగా డౌన్‌లోడ్ చేశారు. వాడేవారు ఎప్పుడు ఎక్కడ ఉన్నారన్న సమాచారం ఆ యాప్ నుంచి ఎక్స్-మోడ్ అనే కంపెనీకి, అక్కడి నుంచి అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లకు చేరుతోందని 2020 నవంబర్‌లో మదర్‌బోర్డ్ అనే వార్తాసంస్థ బయటపెట్టింది. విమర్శలు వచ్చాక ఆ కంపెనీతో సంబంధం తెంచుకుంటున్నట్లు యాప్ యాజమాన్యం ప్రకటించింది. నమాజు వేళ తెలుసుకోవడానికి ఊరి పేరు చాలు. మసీదు గోడ మీది పట్టిక ఎలాగూ ఉంది. ఏ యాప్ అయినా మీరున్న చోటు, ఫోన్ నంబర్ల జాబితా, మైకు అడిగితే ‘ఎందుకు?’ అని ఒక్క క్షణం ఆగండి.

గల్ఫ్‌లో మనవాళ్లున్న ఇళ్లకు ఇంకో చందా తెలుసు. యూఏఈలో వాట్సాప్ కాల్స్‌పై ఆంక్షలు ఉండటంతో 2018 జనవరిలో ఎతిసలాత్ సంస్థ బోటిమ్ లాంటి యాప్‌ల కోసం నెలకు 50 దిర్హామ్‌ల ఇంటర్నెట్ కాలింగ్ ప్లాన్ తెచ్చింది. ఒకప్పుడు ఒక్క క్యాసెట్‌తో చేరిన తల్లి గొంతు వినడానికి కొడుకు నెలనెలా చందా కట్టాల్సి వచ్చింది!

చట్టం ఏం చెబుతోంది?

వినియోగదారుడు ఒంటరివాడు కాడు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చింది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ముందే టిక్కు పెట్టి ఉంచిన గడులను మన అంగీకారంగా లెక్కించరాదు. 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 13 రకాల మోసపు ఎత్తుగడలను పేర్కొంటూ మార్గదర్శకాలు ప్రకటించింది. చేరడం సులువు, మానడం కష్టం చేసే చందా ఉచ్చు వాటిలో ఒకటి. అడగని వస్తువును బుట్టలో చేర్చడం, చివరి క్షణంలో రుసుములు కలపడం, ‘ఇంకా రెండే మిగిలాయి’ అని తొందరపెట్టడం కూడా ఆ జాబితాలో ఉన్నాయి.

ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మనం నివసించే చోటే కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే రుసుము లేదు. రెండేళ్లలోపు వేయాలి. రసీదు, ఎస్సెమ్మెస్‌లు, తెర ఫొటోలు సాక్ష్యంగా దాచుకోవాలి. మోసగాళ్లు ఖాతా ఖాళీ చేస్తే మాత్రం క్షణం ఆలస్యం చేయకుండా 1930కి చెప్పాలి.

పాత ఫోను కొనేవారికి ఒక మాట. స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే ఐఎంఈఐ నంబర్ కనిపిస్తుంది. 2023 మేలో మొదలైన సంచార్ సాథీ పోర్టల్‌లో ఆ నంబర్ చూస్తే, అది దొంగ ఫోనుగా నిలిపివేసినదేమో తెలుస్తుంది. డబ్బు ఇచ్చాక కాదు, ఇవ్వకముందే చూడాలి.

చదవగలిగినవాడి బాధ్యత

మదీనా బజారులో దైవప్రవక్త (స) ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలిన సంఘటన మనందరికీ తెలుసు. పైన పొడి గింజలు, కింద తడిసిన గింజలు. తడిని పైకి కనిపించేలా ఎందుకు ఉంచలేదన్నదే ఆ వ్యాపారిని అడిగిన ప్రశ్న. పెద్ద అక్షరాల్లో రూపాయి, చిన్న అక్షరాల్లో వందలు చూపే తెరకు కూడా ఆ ప్రశ్న వర్తించదా?

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు వ్యాపారపు అప్పును రాసి పెట్టుకోవడం గురించినది. అందులోనే మరో ఆదేశం ఉంది. అప్పు తీసుకున్నవాడు బలహీనుడై, తానుగా రాయించలేకపోతే అతని సంరక్షకుడు న్యాయంగా రాయించాలి. నేటి ఇళ్లలో ఆ బలహీనులు ఎవరు? ఇంగ్లీషు తెర చదవలేని అమ్మీ, అబ్బా, నానీ, దాదా. సంరక్షకులు ఎవరు? కాలేజీకి పోయే కొడుకు, కూతురు. ఫోను కొనిచ్చి, నాలుగు యాప్‌లు వేసిచ్చి మన పని అయిపోయిందనుకుంటే ఎలా? పైసలు పోయిన సంగతి చెబితే పిల్లలు నవ్వుతారని, కోప్పడతారని ఎంతోమంది పెద్దవారు నోరు మూసుకుని ఊరుకుంటున్నారు. కోత కంటే ఆ మౌనం పెద్ద నష్టం.

చేయవలసింది కష్టమైన పని కాదు. ఒక నోటుపుస్తకంలో ఒక పేజీ. చందా పేరు, మొత్తం, తేదీ, ఎవరి ఖాతా, ఎలా మానాలి అని ఐదు గడులు. నెలకు ఒకసారి, జుమా నమాజు తర్వాత భోజనాలయ్యాక, ఇంట్లో అందరి ఫోన్లూ ముందు పెట్టుకుని పావుగంట కూర్చోండి. గత నెల ఏ చందా వాడలేదో దాన్ని అక్కడే రద్దు చేయండి. పెద్దవారి ఫోన్లను ముందు చూడండి. ‘ఎందుకు నొక్కావు?’ అని అడగకండి. ‘ఇది కావాలా, వద్దా?’ అని మాత్రమే అడగండి. కావాలంటే ఉంచండి, తెలిసి కట్టే చందాలో తప్పేమీ లేదు. తెలియక పోయే రూపాయిని ఆపితే చాలు.